సున్నా ఎవరి ఊళ్ళో పెట్టాలి?

పాత మ్యాపులు పోగేయడం నాకో పిచ్చి. ఆదివారం పూట ఏదో ఆన్‌లైన్ ఆర్కైవ్ లోంచి 19వ శతాబ్దపు మ్యాపు ఒకటి దించుకోవడం, దాన్ని ఇప్పటి డిజిటల్ మ్యాపు మీద కొలతలు కలిసేలా కూర్చోబెట్టడం... అదీ నా కాలక్షేపం. ఈమధ్య ఫ్రాన్స్ మ్యాపు ఒకటి దొరికింది. అంచుల్లో అక్షాంశాలు, రేఖాంశాలు శుభ్రంగా ముద్రించి ఉన్నాయి. ఆ అంకెలు ఎక్కించి రన్ చేశా. అది పారిస్ నగరాన్ని మొత్తం ఎత్తుకెళ్ళి నార్మండీలో అర్జాంతాన్ అనే చిన్న ఊరి దగ్గర పడేసింది. ఉండాల్సిన చోటికి సుమారు 170 కిలోమీటర్లు పడమరన.

గంటసేపు కోడ్ చూశా. తప్పేం లేదు. చివరికి మ్యాపునే జూమ్ చేసి చూస్తే, మూలన చిన్న అక్షరాల్లో ఫ్రెంచ్‌లో ఒక ముక్క ఉంది: రేఖాంశాలన్నీ పారిస్ నుంచి లెక్కించినవి అని. అంటే ఆ మ్యాపు గీసినవాళ్ళకి సున్నా డిగ్రీ లండన్ పక్కన గ్రీనిచ్‌లో లేదు. పారిస్‌లో ఉంది. నేను చూడాల్సింది చూడకుండా మ్యాపుని తిట్టుకున్నా.

దీనికి మందు కూడా రెడీగానే ఉంది. మ్యాపులతో పనిచేసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి అడుగున ప్రోజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంటుంది. క్యూజీఐఎస్ వాడినవాళ్ళకి తెలిసే ఉంటుంది. ‘మీ సున్నా ఎక్కడ?’ అని చెప్పడానికి దాంట్లో ఒక ఆప్షన్ ఉంది, ఆ ఆప్షన్‌కి ఒక చిన్న జాబితా ఉంది. గ్రీనిచ్, లిస్బన్, పారిస్, బొగోటా, మాడ్రిడ్, రోమ్, బెర్న్, జకార్తా, ఫెరో, బ్రస్సెల్స్, స్టాక్‌హోమ్, ఏథెన్స్, ఓస్లో. ఇవన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరికి సున్నాలే.

ఇన్ని సున్నాలెందుకంటే, అక్షాంశాలకి ప్రకృతే సున్నా ఇచ్చింది. భూమి తిరుగుతోంది కాబట్టి రెండు ధ్రువాలున్నాయి. వాటికి సరిగ్గా మధ్యలో భూమధ్యరేఖ ఉంది. దాని గురించి ఎవరూ పోట్లాడరు. రేఖాంశాలకి అలాంటి గుర్తేం లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి గీసిన ఏ గీతైనా ఇంకో గీతలాంటిదే. ఎక్కడో ఒకచోట వేలు పెట్టి ‘ఇదే సున్నా’ అనాల్సిందే. వేలు ఎవరు పెట్టాలన్నదే గొడవ.

రెండో శతాబ్దంలో టాలెమీ అప్పటికి తనకు తెలిసిన ప్రపంచానికి పడమటి అంచున, ఇప్పటి కెనరీ దీవుల దగ్గర సున్నా పెట్టాడు. అలా పెడితే మిగతా ఊళ్ళన్నీ తూర్పునే వస్తాయి, మైనస్‌లతో పనుండదు. 1634లో ఫ్రాన్స్ రాజు కూడా ఆ దీవుల్లో అన్నిటికన్నా పడమర ఉన్న ఫెరోనే సున్నా అని ఆజ్ఞ వేశాడు. తర్వాత లెక్క సుఖంగా ఉండాలని ఫెరో పారిస్‌కి సరిగ్గా 20 డిగ్రీల పడమర ఉందని అనేసుకున్నారు. నిజానికి ఆ దీవి ఇంకో మూడో వంతు డిగ్రీ దూరంలో ఉంది. అంటే పేరుకి ఫెరో గానీ, అసలు కొలత పారిస్ నుంచే. ఈ టెక్నిక్ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్ళీ వస్తుంది.

పారిస్ గీత 1667 నాటిది. పద్నాలుగో లూయీ కట్టించిన అబ్జర్వేటరీకి ఆ ఏడు జూన్ 21న స్థలం మీదే ఉత్తర దక్షిణ గీత గీసి, భవనాన్ని ఆ గీతకి ఎడమా కుడీ సమానంగా లేపారు. గ్రీనిచ్ అబ్జర్వేటరీ పుట్టింది ఎనిమిదేళ్ళ తర్వాత, 1675లో. ఆ తర్వాత కాసినీ కుటుంబం తరతరాలుగా ఆ గీతనే వెన్నెముకగా చేసుకుని ఫ్రాన్స్‌ని కొలిచింది.

1789లో విప్లవం వచ్చింది. రాజు పోయాడు, గీత మాత్రం ఉండిపోయింది. పైగా దానికి ఇంకా పెద్ద పని అప్పజెప్పారు. ప్రపంచమంతటికీ పనికొచ్చే కొత్త కొలత కావాలి, అది ఏ రాజుగారి మూరో అడుగో కాకూడదు అనుకున్నారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతుకి మీటర్ అని పేరు పెట్టారు. మరి ఆ దూరం కొలిచేది ఏ గీత మీద? పారిస్ గీత మీదే. 1792లో డెలాంబ్ర్ ఉత్తరాన డంకర్క్ వైపు, మెషేన్ దక్షిణాన బార్సిలోనా వైపు బయల్దేరారు.

వాళ్ళ పని ఎలా ఉండేదంటే, కొండల మీదా చర్చి గోపురాల మీదా గుర్తులు కట్టి, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కోణాలు కొలవాలి. దూరానికి కనపడాలని డెలాంబ్ర్ తెల్లగుడ్డ కట్టించాడు. అప్పటి ఫ్రాన్స్‌లో తెలుపంటే రాజుగారి పక్షం రంగు! ఊళ్ళవాళ్ళు అనుమానపడ్డారు. వాళ్ళని శాంతింపజెయ్యడానికి పాపం ఆయన ఆ గుడ్డకి ఒకవైపు ఎర్ర పట్టీ, ఒకవైపు నీలం పట్టీ కలపాల్సి వచ్చింది. కోణాలు కొలిచే గుడ్డ జాతీయ జెండా అయిపోయింది. దేశం, మ్యాపు ఎలా అల్లుకుపోతాయో చెప్పడానికి ఇంతకంటే మంచి సీన్ సినిమాలో కూడా దొరకదు.

మెషేన్‌ది వేరే బాధ. బార్సిలోనాలో తన కొలతలు ఒకదానితో ఒకటి కలవలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి దాచుకుని లోలోపల కుమిలిపోయాడు. ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయిన కోడ్‌లో బగ్ ఉందని తనొక్కడికే తెలిసినవాడి పరిస్థితి అది, నాకు బాగా అర్థమైంది. అదే గీతని ఇంకా దక్షిణానికి పొడిగించే పనిమీద వెళ్ళి, 1804లో స్పెయిన్‌లోనే జ్వరంతో చనిపోయాడు.

మనుషులు ఇంత పెట్టుబడి పెట్టిన గీతని వదులుకోమంటే ఎవరు వదులుకుంటారు?

ఇప్పుడు గ్రీనిచ్ సంగతి. అక్కడివాళ్ళు మాది గొప్ప గీత అని చెప్పి గెలవలేదు. ఒక పుస్తకం అచ్చేసి గెలిచారు. సముద్రం మీద ఓడ ఎంత తూర్పున ఉందో ఎంత పడమర ఉందో తెలియాలంటే, సున్నా ఉన్న ఊళ్ళో ఇప్పుడు టైమెంతో తెలియాలి. మనం ఉన్నచోట మధ్యాహ్నమైనప్పుడు అక్కడ ఉదయం 8 అయితే నాలుగు గంటల తేడా. గంటకి 15 డిగ్రీల చొప్పున 60 డిగ్రీలు తూర్పున ఉన్నామన్నమాట. మంచి గడియారాలు దొరకని రోజుల్లో చంద్రుడికీ నక్షత్రాలకీ మధ్య దూరం చూసి ఆ టైము కనిపెట్టేవాళ్ళు. అందుకు ముందే లెక్కకట్టిన పట్టికలు కావాలి. గ్రీనిచ్‌లో నెవిల్ మాస్కెలిన్ 1767 సంవత్సరం నుంచి ఏటా ఆ పట్టికలతో నాటికల్ అల్మనాక్ తెచ్చాడు. నావికుల పంచాంగం అనుకోండి. అందులో లెక్కలన్నీ గ్రీనిచ్ టైముకే. పట్టిక వాడితే సున్నా కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. ఫ్రెంచివాళ్ళ సొంత పంచాంగం కూడా కొంతకాలం ఆ చంద్రుడి పట్టికల్ని గ్రీనిచ్ లెక్కతోనే అచ్చేసుకుంది. యాప్ ఫ్రీ, డీఫాల్ట్ సెట్టింగ్ మాత్రం వాళ్ళది. మనకి తెలిసిన బిజినెస్ మోడలే.

వందేళ్ళు గడిచేసరికి పరిస్థితి ఎక్కడికొచ్చిందో 1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో బయటపడింది. ప్రపంచానికంతా ఒకే సున్నా పెట్టుకుందామని అమెరికా పిలిస్తే 25 దేశాలు వచ్చాయి. అప్పటికింకా సొంత రాజ్యంగా ఉన్న హవాయి వచ్చింది, లైబీరియా వచ్చింది. మనం బ్రిటిష్ జట్టులో ఒక కుర్చీ మాత్రమే. అందులో కూర్చున్నది ఇండియా కౌన్సిల్ సభ్యుడైన జనరల్ రిచర్డ్ స్ట్రాచీ.

ఫ్రాన్స్ తరఫున ఖగోళ శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ లేచాడు. పారిస్‌ని పెట్టండి అని ఆయన అడగలేదు, అదీ విశేషం. ఏ దేశానిదీ కాని గీత పెట్టండి, యూరప్‌నీ అమెరికానీ కొయ్యకుండా సముద్రం మీదుగా వెళ్ళే తటస్థ గీత కావాలి అన్నాడు. బేరింగ్ జలసంధి దగ్గరో, అజోర్స్ దీవుల దగ్గరో. మీటర్‌ని ఏ రాజు శరీరంతోనూ ముడిపెట్టని దేశం నుంచి వచ్చిన మాట కాబట్టి వాదనలో పస ఉంది. కానీ అవతలివాళ్ళు అడిగింది నిజమే: నడిసముద్రంలో అబ్జర్వేటరీ ఎవరు కడతారు? ఏదో ఒక పెద్ద అబ్జర్వేటరీ నుంచి ఇంత దూరం అని కొలిచి చెప్పాల్సిందే కదా. ఫెరో కథే మళ్ళీ. పేరు తటస్థం, కొలత మాత్రం ఎవరో ఒకరిది.

కెనడా నుంచి వచ్చిన ఇంజినీరు శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ ఒక లెక్క బయటపెట్టాడు. ప్రపంచ ఓడల సరుకు సామర్థ్యంలో 72 శాతం గ్రీనిచ్ సున్నాతోనే నడుస్తోంది. పారిస్ వాటా 8 శాతం. మిగతా సున్నాలన్నీ కలిపి మిగిలింది పంచుకుంటున్నాయి. ఇక చర్చ ఏముంది? అక్టోబరు 13న ఓటింగ్. గ్రీనిచ్‌కి 22, వ్యతిరేకంగా ఒక్క శాన్ డొమింగో. ఫ్రాన్స్, బ్రెజిల్ ఎటూ చెయ్యెత్తలేదు.

నన్నడిగితే ఆరోజు జాన్సెన్ చెప్పింది న్యాయం, ఫ్లెమింగ్ చెప్పింది నిజం. ఇంజినీర్ని కాబట్టి నా ఓటూ ఫ్లెమింగ్‌కే పడేది. అయినా మనసులో కొంచెం ముల్లు గుచ్చుకునేది.

ఫ్రాన్స్‌కి మాత్రం ముల్లు కొంచెం కాదు. మరో 27 ఏళ్ళు పారిస్ టైముతోనే నడిచింది. చివరికి తంతి, రైళ్ళు, వైర్‌లెస్ అన్నీ గ్రీనిచ్ లెక్కకి మారిపోతుంటే 1911 మార్చి 9న చట్టం చేసింది. ఆ చట్టంలో గ్రీనిచ్ అనే మాట లేదు. ఇకనుంచి ఫ్రాన్స్ టైము ఏమిటంటే ‘9 నిమిషాల 21 సెకన్లు వెనక్కి జరిపిన పారిస్ టైము’ అట! పారిస్ గ్రీనిచ్‌కి తూర్పున 2 డిగ్రీల 20 నిమిషాల 14 సెకన్ల దూరంలో ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున గుణించి చూడండి, సరిగ్గా అంతే వస్తుంది. గ్రీనిచ్ టైము పెట్టుకున్నారు గానీ నోటితో అనలేదు. మన పాతకాలం ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పకుండా ‘మా వారు’ అన్నట్టు. ఆ మాట చట్టంలో 1978 దాకా అలాగే ఉంది.

వేరేవాళ్ళని పిలిచి ఒప్పించిన అమెరికా సంగతి కూడా చెప్పుకోవాలి. 1850లో వాళ్ళు చేసుకున్న చట్టం ప్రకారం సముద్రం మీద సున్నా గ్రీనిచ్, ఖగోళానికి సున్నా వాషింగ్టన్. స్వతంత్ర దేశానికి సొంత సున్నా ఉండాలన్న పట్టుదల అక్కడా ఉంది. 1884 సమావేశం జరిగేటప్పటికి కూడా ఆ చట్టం బతికే ఉంది. 1912లో గానీ పోలేదు. చట్టం పోయినా దాని ఆనవాళ్ళు నేల మీద ఉండిపోయాయి. ఫోన్‌లో వయోమింగ్ రాష్ట్రం చూడండి. స్కేలు పెట్టి గీసినట్టు నాలుగు మూలలు. అలాంటి గీత గుండ్రని అంకె మీద ఉండాలి కదా? తూర్పు సరిహద్దు 104 మీద కాకుండా, 104 డిగ్రీల 3 నిమిషాల దగ్గర ఉంటుంది. ఆ 3 నిమిషాలు ఎక్కడివంటే, అది వాషింగ్టన్ నుంచి 27 డిగ్రీలు. పడమటి సరిహద్దు 34 డిగ్రీలు. కొలరాడోకీ అంతే, 25 నుంచి 32. అక్కడ మనవాళ్ళు చాలామందే ఉన్నారు కదా, డెన్వర్ నుంచి కారులో పడమరకి వెళ్ళి యూటాలోకి దాటేది, రద్దయి వందేళ్ళు దాటిన సున్నా లెక్కలో గీసిన గీతనే.

ఇక మన వాట్సాప్ గ్రూపులకి వద్దాం. ‘గ్రీనిచ్ కంటే వందల ఏళ్ళ ముందే ప్రపంచానికి సున్నా ఉజ్జయిని, తెల్లవాళ్ళు కొట్టేశారు’ అనే ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. 2023 డిసెంబరులో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి మోహన్ యాదవ్ అసెంబ్లీలోనే, సున్నా రేఖని గ్రీనిచ్ నుంచి ఉజ్జయినికి మార్చే ప్రయత్నం చేస్తామన్నారు. 2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి కొత్త పుస్తకంలో కూడా ఉజ్జయిని మధ్యరేఖ ప్రస్తావన ఉంది.

ఇందులో సగం నిజం. సూర్యసిద్ధాంతంలో మధ్యరేఖ లంక, అవంతి, కురుక్షేత్రాల మీదుగా వెళ్తుంది. అవంతి అంటే ఉజ్జయినే. లంక అంటే ఇప్పటి శ్రీలంక అనుకోకండి, ఆ గీత భూమధ్యరేఖని తాకే చోటుకి పెట్టుకున్న పేరది. మన ఊరు ఆ రేఖకి ఎంత తూర్పున ఉంటే అంత సవరణ చెయ్యాలి, దాన్నే దేశాంతరం అంటారు. ఇంట్లో పంచాంగం చూసే తాతయ్య ఉంటే అడగండి, ఆ మాట ఆయనకి తెలుస్తుంది.

ఫార్వర్డ్‌లో లేనిది ఇంకా బాగుంటుంది. ఎనిమిదో శతాబ్దంలో మన సిద్ధాంత పట్టికలు బాగ్దాద్ చేరి అరబిక్‌లోకి వెళ్ళాయి. వాటితోపాటు ఉజ్జయిని సున్నా కూడా వెళ్ళింది. అరబిక్‌లో ‘జ’కీ ‘ర’కీ తేడా పైనుండే ఒక చుక్క మాత్రమే. ఎవరో రాసేటప్పుడు చుక్క జారిపోయింది, ఉజైన్ కాస్తా అరీన్ అయింది. అల్ ఖ్వారిజ్మీ పట్టికలు అరీన్ సున్నాతో నడిచాయి. 1126లో వాటిని అడెలార్డ్ ఆఫ్ బాత్ అనే ఇంగ్లిషువాడు లాటిన్‌లోకి తెచ్చాడు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళు యూరప్ పండితులు అరీన్ అంటే భూమి నడిబొడ్డున ఉండే ఊరని నమ్మారు. కొలంబస్ కూడా తన ఉత్తరంలో ఆ పేరు రాశాడు. వాళ్ళెవరూ ఉజ్జయిని చూసినవాళ్ళు కాదు, అది మాళవంలో ఉందని కూడా చాలామందికి తెలిసుండదు. మరి ఎందుకు వాడారు? పట్టికలు పనికొచ్చాయి కాబట్టి. మాస్కెలిన్ పుస్తకం చేసిన పనే, అంతకు వెయ్యేళ్ళ ముందు ఉజ్జయిని పట్టికలు చేశాయి. కొట్టేశారని ఏడవడం కన్నా నాకు ఈ కథే ఎక్కువ గర్వంగా ఉంటుంది.

సున్నాని ఇప్పుడు ఉజ్జయినికి మార్చడం కోడ్‌లో ఒక్క లైను పని. ప్రతి రేఖాంశంలోంచి 75.8 తీసెయ్యాలి, అంతే. కానీ ఆ లైను మిగతా ప్రపంచం ఎందుకు రాస్తుంది? గూగుల్ మ్యాప్స్ ఇండియాలో తెరిస్తే కశ్మీర్ చుట్టూ గట్టి గీత కనపడుతుంది, వేరే దేశంలో తెరిస్తే చుక్కల గీత. సరిహద్దులు దేశానికో రకంగా చూపిస్తారు. సున్నాని మాత్రం ఎవరి కోసమూ మార్చి చూపించరు.

మజా ఏంటంటే గ్రీనిచ్‌వాళ్ళ దగ్గర కూడా సున్నా ఇప్పుడు లేదు. అక్కడికెళ్ళి ఇత్తడి గీతకి అటో కాలు ఇటో కాలు వేసి సెల్ఫీ దిగేవాళ్ళు ఫోన్‌లో లొకేషన్ చూస్తే సున్నా రాదు. జీపీఎస్ సున్నా అక్కడికి 102 మీటర్లు తూర్పున, పార్కులో ఉంది. పాత గీతని నిలువు దిశ ఆధారంగా టెలిస్కోప్‌తో నిర్ణయించారు. చుట్టుపక్కల భూమి బరువు అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి నిలువు కాస్త వాలుతుంది. ఉపగ్రహాల లెక్క భూమి మొత్తానికి కేంద్రం ఎక్కడో అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఆ కొత్త లెక్కల్ని ఒక కొలిక్కి తెచ్చిన అంతర్జాతీయ సమయ కార్యాలయం ఎక్కడుండేదో తెలుసా? పారిస్ అబ్జర్వేటరీలో. ఇప్పుడు మన సర్వర్లన్నీ నడిచే యూటీసీ లెక్కగట్టేది కూడా పారిస్ పక్కనున్న సెవ్ర్‌లోనే. 1884లో చెయ్యెత్తని ఊరు చేతికే చివరికి గడియారం వచ్చింది.

ఫ్రెంచివాళ్ళు గీతని మర్చిపోలేదు కూడా. 2000 సంవత్సరం జూలై 14న, వాళ్ళ జాతీయ పండగ రోజు, ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఆ పాత గీత పొడవునా ఊరూరా జనం బల్లలేసుకుని వనభోజనాలు చేశారు. గీత వెంబడి చెట్లు కూడా నాటారు.

సరే, నా మ్యాపు. ఆప్షన్‌లో పారిస్ అనే ఒక్క మాట చేర్చా. నగరం 170 కిలోమీటర్లు తూర్పుకి జరిగి సెయిన్ నది ఒడ్డున బుద్ధిగా కూర్చుంది. వచ్చే ఆదివారం మద్రాసు ప్రెసిడెన్సీ షీట్ ఒకటి ఎక్కించాలి, మన కోస్తా జిల్లాలున్నది. ఆ సర్వేలో రేఖాంశాలు మద్రాసు అబ్జర్వేటరీ నుంచి కొలిచారు. గ్రీనిచ్ నుంచి మద్రాసు ఎంత దూరమో వేసుకున్న లెక్కలో చిన్న తప్పుంది. టెలిగ్రాఫ్ తీగల మీద టైము పోల్చి చూసే పద్ధతి వచ్చాక అది బయటపడింది. ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య దూరాలన్నీ కరెక్టే, మొత్తం అంతా కలిసి నాలుగు కిలోమీటర్లకు పైగా తూర్పుకి జరిగి ఉంటుంది, అంటే ఒడ్డున ఉండాల్సిన ఊళ్ళు బంగాళాఖాతంలో తేలతాయి. ప్రోజ్ జాబితా మళ్ళీ పైనుంచి కిందిదాకా చూశా. బొగోటా ఉంది, బెర్న్ ఉంది, జకార్తా ఉంది. మద్రాసు లేదు. ఆ నాలుగు కిలోమీటర్లు నేనే చేత్తో లాగాలి.